రేకు కోసే ముందు కాగితం కోయండి

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఏ కొత్త డిజైనొచ్చినా ముందు కాగితం మీదే కోసి చూస్తాను.

సాగే జాలీ కావాలంటే ఏ4 కాగితం మీద 5 మిల్లీమీటర్లకో వరుస గీయండి. ఒక్కో గాటు 30, మధ్యలో 5 వదలాలి. తర్వాతి వరుసని ఇటుకల గోడలా సగం జరపండి. చివర్లు పట్టి లాగితే సాగేది కాగితం కాదు, పట్టీలు మెలితిరుగుతాయంతే.

చిరిగేది ఎప్పుడూ గాటు కొసనే. అక్కడ సూదితో గుండ్రటి చిల్లు పెట్టండి, ఒత్తిడి ఒకేచోట పడదు. నేనోసారి బద్ధకించి రేకు అలాగే కోశాను. మూడో లాగుడుకే పర్రున చీలింది.

మడతలకైతే మియురా పద్ధతి, అంటే జిగ్‌జాగ్ గీతల వెంట మడిచి, ఎదురెదురు మూలలు లాగితే ఒక్కసారే విచ్చుకునేలా చేయడం. 1995లో జపాన్ ఉపగ్రహంలో సౌరఫలకం అలాగే విచ్చుకుంది. గీతల్ని ముందే ఇంకైపోయిన బాల్‌పెన్నుతో నొక్కండి. వానాకాలం మన ఊళ్లో కాగితం మెత్తబడుతుంది. అప్పుడు నాకు పాత శుభలేఖలే దిక్కు.