దంత వైద్య రెసిడెన్సీకి సన్నద్ధత – అయిదో పాఠం: ర్యాంకు జాబితా

గత పాఠంలో ఇంటర్వ్యూల వరకు వచ్చాం. అమెరికాలో డెంటల్ స్కూలు ముగించి ఆర్థోడాంటిక్స్ (పళ్ల వరుస సరిచేయడం), పీడియాట్రిక్ (పిల్లల దంత వైద్యం), ఓరల్ సర్జరీ వంటి విభాగాల్లో రెసిడెన్సీకి, అంటే స్పెషలిస్టు శిక్షణకు, వెళ్లదలచినవారు ఆ తర్వాత, తాము చూసి వచ్చిన ప్రోగ్రాములను వరుసగా పేర్చి డెంటల్ మ్యాచ్‌కు సమర్పించాలి. అభ్యర్థుల జాబితాలనూ, ప్రోగ్రాముల జాబితాలనూ కంప్యూటర్‌తో జతచేసి సీట్లు తేల్చే ఏర్పాటే ఈ మ్యాచ్. ఎండోడాంటిక్స్ (రూట్ కెనాల్ వంటి పంటి లోపలి చికిత్స) ఈ మ్యాచ్‌లో లేదు; అక్కడ ప్రోగ్రాములే నేరుగా సీటు ఇస్తామని కబురు చేస్తాయి కనుక ఆ విభాగానికి ఈ పాఠం వర్తించదు.

ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టినవారికి ఇది తెలిసిన పనిలాగే తోస్తుంది. అయితే అక్కడ అందరికీ ఒకే ర్యాంకుల వరుస. ఇక్కడ ప్రతి ప్రోగ్రామూ తాను ఇంటర్వ్యూ చేసినవారితో తనదైన వరుస రాసుకుంటుంది. ఆ వరుస మనకు కనబడదు కాబట్టే, గట్టి పోటీ ఉన్న ప్రోగ్రామును మొదట పెడితే అదీ రాక, రెండోదీ చేజారుతుందేమోనన్న భయం పుడుతుంది.

ఒక అభ్యర్థిని తీసుకుందాం. ఆమె మొదట ‘క’, తర్వాత ‘ఖ’ అని రాసింది. రెండింటిలోనూ నాలుగేసి సీట్లు. ‘క’ వరుసలో ఆమెది తొమ్మిదో స్థానం, ‘ఖ’ వరుసలో రెండోది. కంప్యూటర్ ఆమెను ముందు ‘క’లో తాత్కాలికంగా కూర్చోబెడుతుంది, ఆమెకంటే పైనున్న నలుగురు వచ్చి చేరితే లేపి ‘ఖ’కు పంపుతుంది. అక్కడ అప్పటికే సీట్లు నిండి, చివరి సీటులో ఆరో స్థానపు అభ్యర్థి ఉన్నాడనుకోండి. అతను లేస్తాడు, ఆమె కూర్చుంటుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకునే పద్ధతి ఇక్కడ చెల్లదు. అదే ఆమె జంకి ‘ఖ’ను ముందు పెట్టి ఉంటే, ‘క’లో పైవారంతా వేరేచోట్లకు వెళ్లిపోయినా, ఆ సీటు పదో స్థానం వ్యక్తికి దక్కేది. గణిత శాస్త్రజ్ఞులు డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో ప్రతిపాదించిన పద్ధతికి మ్యాచ్‌లోని ఈ పద్ధతి వారసురాలు. ఈ రంగంలో కృషికి షాప్లీ, ఆల్విన్ రాత్‌లకు 2012లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

అందువల్ల అవకాశాన్ని అంచనా వేయడం మాని, ఇష్టాన్ని తేల్చుకోవడానికే సమయం వెచ్చించండి. నిజానికి కష్టమైనది అదే. ఆర్థోడాంటిక్స్‌లో ఒక రోగి చికిత్సకు సుమారు రెండేళ్లు పడుతుంది. 24 నెలల ప్రోగ్రాములో చేరినవారు తాము మొదలుపెట్టిన కేసుల్లో చాలావాటి ముగింపు చూడకుండానే వాటిని తర్వాతి బ్యాచ్‌కు అప్పగించి వెళ్తారు. 36 నెలలున్నచోట ఈ లోటు తగ్గుతుంది, కానీ ఫీజు వసూలు చేసే ప్రోగ్రామైతే ఇంకో ఏడాది అప్పు పెరుగుతుంది. ఆసుపత్రుల్లో నడిచే పీడియాట్రిక్, సర్జరీ ప్రోగ్రాములు సాధారణంగా స్టైపెండ్ ఇస్తాయి. ఈ లెక్కలు ఇంటర్వ్యూ జరిగిన రాత్రే రాసిపెట్టుకోవాలి. నెల గడిస్తే భవనం అందమూ, పెట్టిన భోజనమూ తప్ప ఏమీ గుర్తుండవు.

మ్యాచ్ ఫలితానికి కట్టుబడి తీరాలి కనుక, సీటు వచ్చినా చేరబోమనుకున్న ప్రోగ్రామును అసలు రాయకండి.

అభ్యాసం: జాబితాను ఇష్టాన్ని బట్టి ఒకసారి, దొరుకుతుందన్న అంచనాను బట్టి మరోసారి రాయండి. రెండూ ఎక్కడ విడిపోయాయో గుర్తించి, రెండో కాగితాన్ని చించేయండి. మిగిలిన జాబితాను కిందినుంచి పైకి చదువుతూ, ప్రతి పేరు దగ్గరా ‘ఇక్కడ చేరతానా, వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేస్తానా?’ అని ప్రశ్నించుకోండి.