ఇంట్లో బడ్జీల పెంపకం – నాలుగో పాఠం: గుడ్లు ఇంకో తల్లి కింద పెట్టడం

పోయిన పాఠంలో జతకో పంజరం, పంజరానికో కుండ కట్టాం. మన తిరుపతిలో అందరూ లవ్ బర్డ్స్ అని పిలిచే ఈ బడ్జీలు ఇప్పటికి గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఉంటాయి.

ఒక్కోసారి ఆడపిట్ట పొదగడం మానేస్తుంది, జబ్బు పడుతుంది, లేదా ఎనిమిది గుడ్లు పెట్టేస్తుంది. అప్పుడు వాటిని పొదుగుతున్న ఇంకో పిట్ట కింద పెట్టొచ్చు. పల్లెల్లో బాతు గుడ్లను కోడి కింద పెట్టి పొదిగించినట్టే. కాకపోతే జాలి ఒక్కటే చాలదు, తేదీ తెలియాలి.

బడ్జీ రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. పొదగడం మొదలైన 18 రోజులకు పిల్ల వస్తుంది. అంటే ఐదు గుడ్లుంటే మొదటి పిల్లకూ చివరి పిల్లకూ వారం పైనే తేడా. అందుకే గుడ్డు కనపడిన రోజే సన్నని స్కెచ్ పెన్‌తో దానిమీద తేదీ, జత నంబరు మెల్లగా రాయండి. బాల్ పెన్ వద్దు, పెంకు గుచ్చుకుంటుంది.

నేను మొదటి ఏడాది ఇది పట్టించుకోలేదు. తల్లి వదిలేసిన నాలుగు గుడ్లను పది రోజుల పిల్లలున్న కుండలో పెట్టాను. రెండు పిల్లలు బయటికొచ్చాయి. పెద్ద పిల్లల కాళ్ల కింద నలిగి రెండూ పోయాయి. ఆ పొద్దు నాకింకా గుర్తుంది. అప్పటినుంచి రెండు కుండల తేదీల మధ్య మూడు నాలుగు రోజులకు మించి తేడా ఉంటే మార్చడం లేదు.

పొదగడం మొదలైన ఆరో రోజున గుడ్డును చీకట్లో సెల్‌ఫోన్ టార్చ్ ముందు పట్టి చూడండి. లోపల ఎర్రటి నరాలు దారాల్లా కనపడితే పిల్ల పెరుగుతోంది. పదో రోజుకూ ఏమీ లేకుండా తేటగా ఉంటే అది వట్టి గుడ్డు. అన్నీ వట్టి గుడ్లే అయినా ఓపిగ్గా కూర్చున్న పిట్ట ఉంటే, పెంపుడు తల్లిగా నేను మొదట దాన్నే ఎంచుకుంటాను. దాని కింద చోటు ఖాళీగా ఉంది, పొదిగే ధ్యాసా ఉంది. వట్టివి తీసి, తేదీ కుదిరినవి పెట్టండి.

మార్చేటప్పుడు చేతులు కడుక్కొని, పిట్ట రెట్ట వేయడానికో తినడానికో బయటికొచ్చిన క్షణం చూసి, గుడ్డును అరచేతి వెచ్చదనంలోనే తీసుకెళ్లండి. ఒక కుండలో ఆరుకు మించొద్దు. ఎవరి పిల్ల ఏదో తేల్చుకోవాలంటే ఒక తేలిక మార్గం ఉంది: రెండూ లుటినోలైన (ఒళ్లంతా పసుపుగా ఉండే రకం) జత గుడ్లను పచ్చ జత కింద పెట్టండి. లుటినో పిల్లలకు పుట్టగానే కళ్లు ఎర్రగా ఉంటాయి, పచ్చవాటికి నల్లగా.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కుండలే తీసేయండి. మన మిద్దెల మీద ఆ ఎండకు పెంకులో తడి ఆరిపోయి పిల్ల లోపలే చనిపోతుంది.

ఈ వారం పని: ప్రతి కుండకూ ఒక నోటుబుక్ పేజీ కేటాయించి, గుడ్ల తేదీలు రాసి పెట్టుకోండి. ఐదో పాఠంలో పిల్లల మేత మొదలుపెట్టడానికి ఆ పేజీలే కావాలి.