బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం ఎలా?

దగ్గుతున్న చంటిబిడ్డను తెచ్చి చూపిస్తే నేను వెంటనే మందు సీసా తీయను. బిడ్డను తల్లి ఒడిలోనే ఉంచి, చొక్కా పైకెత్తి, పొట్టను చూస్తూ ఊపిరి లెక్కపెడతాను. ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లో నర్సుగా, 20 ఏళ్లుగా చేస్తున్న ఈ పని ప్రతి తల్లికీ రావాలని నా ఆరాటం.

బిడ్డ నిద్రలోనో, పాలు తాగి స్థిమితపడ్డాకో చూడాలి. ఏడుస్తున్నప్పుడు లెక్క తప్పుతుంది. వెలుతురు ఛాతీ, పొట్ట మీద పడాలి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. ఫోనులో నిమిషం పెట్టుకుని, ఆ నిమిషమంతా లెక్కించండి. అర నిమిషం చూసి రెట్టింపు చేయకండి. పసికందులు గబగబా నాలుగు ఊపిరులు తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. అందుకే రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి లెక్కించాలి. మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికి బయలుదేరాల్సిందే. రెండు నెలలు నిండి ఏడాది లోపు పిల్లలకైతే 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వారికి 40 లోపే ఉండాలి. ఆ అంకెకు చేరినా, దాటినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

లెక్కతో పాటు డొక్కలు కూడా చూడండి. గాలి పీల్చినప్పుడు ఛాతీ, పొట్ట పైకి లేవాలి. పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతుంటే డొక్కలెగరేస్తున్నట్టు.

ఒక పుష్యమాసంలో ఐదు నెలల పాపను చూశాను. 'జలుబేనమ్మా, సాంబ్రాణి పొగ వేశాం' అంది నాయనమ్మ. చొక్కా ఎత్తితే, ఊపిరి ఊపిరికీ డొక్క కింద నా బొటనవేలు పట్టేంత గుంట. లెక్క 64. వెంటనే 108కి ఫోను చేశాం. న్యుమోనియా అని తేలింది, పాప కోలుకుంది. ఆ నాయనమ్మ ప్రేమకు లోటేమీ లేదు. ఎక్కడ చూడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

పొగ వద్దు. ముక్కులో నూనె చుక్కలు వేయవద్దు, పొట్ట మీద వాతలు పెట్టవద్దు. ఏడాది లోపు తేనె నాకించకండి. దుకాణంలో అడిగి దగ్గు మందు తేకండి.

పాలు తాగలేకపోవడం, మూలుగుతూ ఊపిరి తీయడం, పెదవులు నీలమవడం, ఫిట్స్, లేపినా లేవనంత మత్తు కనిపిస్తే లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. దారిలో బిడ్డను వెచ్చగా చుట్టండి, కానీ ముఖం కప్పకండి. తాగగలిగితే తల్లిపాలు పట్టండి. మీరు లెక్కించిన అంకె, సమయం ఒక చీటీ మీద రాసి డాక్టరు చేతికివ్వండి.