చేతిలో పట్టే మీడియా ప్లేయర్‌ని కొనేముందు ఎలా పరీక్షించాలి?

హనుమకొండ చౌరస్తాలో ఏ షాపుకు వెళ్లినా ఇదే తంతు. కౌంటర్ మీద ప్లేయర్ పెట్టి ఆన్ చేస్తారు, నీలం నీళ్లలో రంగురంగుల చేపలు ఈదుతుంటాయి, మనం రెండు నిమిషాలు చూసి "బొమ్మ బాగుంది" అని డబ్బులు కట్టి వచ్చేస్తాం. దీన్ని పరీక్ష అనరు. ఆ చేపల వీడియో ఆ ప్లేయర్‌లో బాగా ఆడేలా తయారుచేసి పెట్టింది, అది బాగా ఆడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మా బాపుకు మొదటిసారి కొన్నప్పుడు నేనూ అట్లాగే మోసపోయాను. డబ్బా మీద అన్ని ఫార్మాట్లూ ఆడతాయని రాసి ఉంది. ఇంటికొచ్చి, డీవీడీ నుంచి కాపీ చేసుకున్న మా అక్క పెళ్లి వీడియో పెడితే పంతులు పెదాలు కదులుతున్నాయి గానీ మంత్రం లేదు, మేళం లేదు. డీవీడీల్లో శబ్దం చాలావరకు డాల్బీ ఏసీ3 పద్ధతిలో ఉంటుంది, ఆ ప్లేయర్‌కు బొమ్మ విప్పడం వచ్చు, ఆ శబ్దం విప్పడం రాదు. బాపు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చేశాడు. ఆ రోజు నుంచి మా చుట్టాల్లో ఎవరు కొన్నా నేనే వెంట వెళ్తున్నాను.

2022లో ఆపిల్ ఐపాడ్‌ని కూడా ఆపేసింది, ఇంకా ఇవెవరు కొంటారని అడుగుతుంటారు. ఫోన్ రానివ్వని హాస్టళ్లలో ఉండే పిల్లలు కొంటారు, ఫోన్ గొడవే వద్దనే పెద్దవాళ్లు కొంటారు, చేలో పని చేసుకుంటూ పాటలు వినేవాళ్లు కొంటారు.

తీసుకెళ్లాల్సినవి

మీ మెమరీ కార్డు, మీ వైరు ఇయర్‌ఫోన్స్. అంతే. కార్డులో మీరు రోజూ వినే పాటలు పది, మీరు తీసిన ఫొటోలు ఇరవై, మీ ఫోన్‌తో తీసిన పది నిమిషాల వీడియో ఒకటి, మీ ఇంట్లో ఉన్న పాత వీడియో ఏదైనా ఒకటి వేసుకోండి. మన కార్డు పెట్టనివ్వని షాపులో కొనొద్దు. బటన్లు లేని ప్లేయర్ కూడా కొనొద్దు, జేబులో ఉండగా చూడకుండా పాట మార్చలేనప్పుడు అది మన పనికి రాదు.

ఫొటోలు

ఇది ఐదు నిమిషాల పని. వేయిస్తంభాల గుడిలో మధ్యాహ్నం పూట నీడలో తీసిన ఫొటో ఒకటి పెట్టుకోండి. ఆ నల్లరాతి స్తంభాల మీద చెక్కిన గీతలు కనబడాలి. నాసిరకం స్క్రీన్‌లో స్తంభమంతా ఒకే నల్లటి ముద్దలా కనిపిస్తుంది. రెండోది బతుకమ్మ ఫొటో. తంగేడు పసుపు, బంతిపువ్వు పసుపు రెండూ వేర్వేరుగా కనబడాలి, రెండూ ఒకేలా ఉంటే ఆ స్క్రీన్‌కు రంగులు రావని అర్థం. నిలువుగా తీసిన ఫొటో నిలువుగానే తెరుచుకుంటుందా చూడండి. ఐఫోన్‌లో తీసినవి హీక్ ఫార్మాట్‌లో ఉంటే చాలా ప్లేయర్లు అసలు తెరవవు. ఆ తర్వాత షాపు బయటికొచ్చి ఎండలో ఒకసారి చూడండి. ట్యూబులైటు కింద అన్ని స్క్రీన్లూ బాగానే ఉంటాయి, కాజీపేటలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాకే అసలు సంగతి తెలుస్తుంది.

పాటలు

మొదట సౌండ్‌ని ఒక్క గీత దాకా తగ్గించండి. రాత్రి పడుకునేటప్పుడు వినేది అక్కడే, చాలా ప్లేయర్లలో మొదటి గీతే చెవులు మోగేలా ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య ఇయర్‌ఫోన్‌లో 'స్స్' మని వినిపిస్తే అది ప్లేయర్ లోపం, పాటది కాదు. తర్వాత డప్పు ఉన్న పాట పెట్టండి. పుల్ల దెబ్బ టక్కున పడి ఆగిపోవాలి, దాని వెనక తోక సాగకూడదు. ఇయర్‌ఫోన్ పిన్నును గుంతలో మెల్లగా తిప్పి చూడండి, ఒక చెవి పోయి వస్తుంటే అప్పుడే వదిలేయండి.

తెలుగులో పేర్లు పెట్టుకున్న పాటలు తప్పకుండా చూడాలి. కొన్నింట్లో తెలుగు బదులు డబ్బాలు వస్తాయి. అంతకన్నా విసుగు తెప్పించేవి, అక్షరాలు చూపిస్తాయి గానీ ఒత్తులు కలపడం రానివి. వాటిలో 'అమ్మ' అన్న పేరు 'అమ్‌మ' అని విడిపోయి కనిపిస్తుంది. ఫాంటు ఉండగానే సరిపోదు, ఒత్తును అక్షరం కింద కూర్చే పని కూడా ప్లేయర్ చేయాలి. ఒగ్గుకథలాంటి గంటల కొద్దీ ఉండే రికార్డింగులు వినేవాళ్లయితే, మధ్యలో ఆపి, పూర్తిగా ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి ఆపిన చోటు నుంచే మొదలవుతుందా చూడండి. పెద్దవాళ్లకు కొనేటప్పుడు ఇది లేకపోతే నేను ఆ ప్లేయర్‌ని లెక్కలోకే తీసుకోను.

వీడియో: తొందరపడకూడనిది ఇక్కడే

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ. వీడియో మొదలయ్యింది, బొమ్మ వచ్చింది, శబ్దం వచ్చింది, అయిపోయిందనుకుంటారు. కాదు.

ముందు ఏ వీడియో పెట్టాలో చెబుతాను. మా ఇంట్లో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుండగా ఫోన్‌తో తీసిందే నేను ప్రతిసారీ వాడతాను. దానికి కారణం ఉంది. వీడియో ఫైల్లో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు, ముందు బొమ్మకూ దీనికీ తేడా ఏమిటో చాలావరకు అదే ఉంటుంది. కదలకుండా ఉన్న నీళ్లలో రెండు చేపలు ఈదితే మారేది కొంచెమే, ప్లేయర్‌కు పెద్ద కష్టం ఉండదు. అదే ముప్పైమంది గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ, జరీ అంచులు మెరుస్తుంటే తెర మొత్తం ప్రతి క్షణం మారుతుంది. బలం లేని చిప్ అక్కడ ఆయాసపడుతుంది. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది, లేదా మధ్యలో కొన్ని బొమ్మలు వదిలేసి కుదుపులతో నడుస్తుంది.

ఇంకో కారణం చప్పట్లు. పెదాల కదలిక చూసి శబ్దం కలిసిందా లేదా అని చెప్పడం కష్టం, అలవాటైన కళ్లు కూడా పొరపడతాయి. చేతులు కలిసిన క్షణం మాత్రం స్పష్టంగా ఉంటుంది. వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వీడియోలో ముందు వరుసలో ఉన్న ఒక్క మనిషిని ఎంచుకుని ఆమె చేతులనే చూడండి. చేతులు తాకినప్పుడే చప్పుడు రావాలి. బ్లూటూత్‌తో ఈ పరీక్ష చేయొద్దు, దానిలో ఆలస్యం ఎప్పుడూ ఉంటుంది, తప్పు ప్లేయర్‌దో ఇయర్‌ఫోన్‌దో తేలదు.

మొదటి నిమిషంలో చూసి వదిలేయకండి. మొదట్లో అన్నీ బాగానే ఉంటాయి. ఎనిమిదో నిమిషం దాకా ఆడనిచ్చి మళ్లీ చేతులు చూడండి. తర్వాత వీడియోను ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ నడిపించి చూడండి. ఆ తర్వాత ముందుకు జరిపి, వెనక్కి జరిపి చూడండి. మా చిన్నమ్మ కొడుక్కి చూసిన ఒక ప్లేయర్ తొమ్మిది నిమిషాలు చక్కగా ఆడింది, ఒక్కసారి వెనక్కి జరపగానే చేతులు విడిపోయాక చప్పుడు రావడం మొదలైంది, ఇక ఆఫ్ చేసి ఆన్ చేసేదాకా కలవలేదు.

ఎంత తేడా ఉంటే ఎక్కువ? శబ్దం బొమ్మకన్నా ముందు వస్తే సెకనులో ఇరవయ్యో వంతు తేడాకే మనం పట్టేస్తాం. వెనక వస్తే ఎనిమిదో వంతు దాకా పట్టించుకోం. ఎందుకంటే ఆలస్యంగా వచ్చే శబ్దం మనకు అలవాటే, చెరువు అవతలి గట్టున బట్టలు ఉతుకుతుంటే చెయ్యి దిగాకే దెబ్బ వినిపిస్తుంది. చేతులు తాకకముందే చప్పుడు వినిపించే ప్లేయర్‌ని మాత్రం వెంటనే తిరిగి ఇచ్చేయండి, రెండు గంటల సినిమా దాంట్లో చూడలేరు.

ఒక జాగ్రత్త. ఇదే ఫైలును ఇంటి దగ్గర కంప్యూటర్‌లో వీఎల్‌సీ పెట్టి ముందే చూసుకుని వెళ్లండి. ఫైల్లోనే తేడా ఉంటే ప్లేయర్‌ని అనడం అన్యాయం. అలాగే వీడియోను కుదించి దాచే పద్ధతులు రెండున్నాయి, ఫోన్ సెట్టింగులో పాతదైన హెచ్.264లో తీస్తున్నారా, 2013లో వచ్చిన హెచ్.265లోనా చూసుకోండి. రెండు రకాలూ తీసుకెళ్తే ఇంకా మంచిది, చిన్న ప్లేయర్లలో చాలావాటికి రెండోది రాదు.

బొమ్మ రాకపోతే షాపువాళ్లు "కన్వర్ట్ చేసుకుంటే ఆడుతుంది సార్" అంటారు. వినకండి. కన్వర్ట్ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంత పాడవుతుంది, సమయం పోతుంది, పైగా ఫోన్ వీడియోలకు శబ్దం తప్పేది కన్వర్ట్ చేసినప్పుడే ఎక్కువ. ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు తీసే బొమ్మల సంఖ్య మారుస్తుంటాయి, కన్వర్టర్ దాన్ని ఒకే లెక్కకు తెచ్చేటప్పుడు పొరపాటు జరుగుతుంది. '4కే సపోర్ట్' అన్న స్టిక్కర్ చూసి కూడా మురిసిపోకండి, ఆ ఫైలు ఆడినా చూసేది అరచేతంత తెర మీదే. యూట్యూబ్‌లో రివ్యూలు చూసి కొనేవాళ్లకు కూడా ఇదే చెబుతాను, వాళ్లు ఆడించింది వాళ్ల ఫైలు, మీది కాదు.

ఇంటికొచ్చాక

బిల్లు తీసుకోండి, ఎన్ని రోజుల్లో మార్చుకోవచ్చో దాని మీదే రాయించుకోండి. 64 జీబీ అని కొన్నది విండోస్ కంప్యూటర్‌లో 59.6 దాకా కనిపిస్తే కంగారు పడకండి, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది. కానీ అంత జాగా నిజంగా ఉందో లేదో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో చూడాలి. ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే నకిలీ మెమరీలో ఫైలు కాపీ అయినట్టే ఉంటుంది, పేరు కూడా కనిపిస్తుంది, తెరిస్తే ఏమీ ఉండదు. ఈ ప్రోగ్రాం మొత్తం నింపి తిరిగి చదువుతుంది కాబట్టి దొరికిపోతుంది. లోపల ఏమీ పెట్టుకోకముందే ఇది చేయండి. 4 జీబీ దాటిన ఒకే ఫైలు ఎక్కకపోతే మెమరీ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫైళ్లు దాస్తోందని అర్థం, అది లోపం కాదు.

చివరగా బ్యాటరీ. డబ్బా మీద రాసిన గంటలు తెర ఆఫ్ చేసి పాటలు వింటే వచ్చేవి. పూర్తిగా చార్జ్ చేసి, వెలుతురు సగానికి పెట్టి, అదే బతుకమ్మ వీడియోను మళ్లీ మళ్లీ ఆడేలా పెట్టి, మొదలైన టైము కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. నాకు మూడు గంటలు కావాలి, కాజీపేట నుంచి సికింద్రాబాద్ చేరేలోపు ఆగిపోకూడదు. మూడు గంటలు రాకపోతే మార్చుకునే గడువు దాటకముందే బిల్లు పట్టుకుని అదే షాపుకు వెళ్లండి, ఆ టైము రాసిన కాగితం కూడా పట్టుకెళ్లండి.