పిల్లలకు మకరాన్ని చూపించి మొసలి దాకా తీసుకెళ్లడం ఎలా?

ముందు గుడికే వెళ్లండి. మకరతోరణం దగ్గర పిల్లల్ని ఆపి, దాని మీద చెక్కిన మకరం అనే వింత జీవిలో ఏ భాగం ఏ జంతువుదో వాళ్లనే చెప్పమనండి: ఏనుగు తొండం, మొసలి దవడ, చేప తోక. తొందరపెట్టొద్దు, తప్పు చెప్పినా సరే. గజేంద్రమోక్షం కథ కూడా అక్కడే చెప్పేయండి.

తర్వాత అసలు మొసలి. హైదరాబాద్ జూలో ఉంటాయి, సంగారెడ్డి దగ్గర మంజీర నదిలోనూ ఉంటాయి (నీటి అంచుకు మాత్రం అస్సలు వెళ్లనివ్వకండి). అది కదలకుండా పడుకుంటే పిల్లలకు బోర్ కొడుతుంది, అందుకే కబుర్లు సిద్ధంగా పెట్టుకోండి. గుడ్డులోంచే పిల్లలు అరుస్తాయని, ఆ అరుపు విని తల్లి గూడు తవ్వుతుందని, మనం అంత భయపడే ఆ నోట్లోనే వాటిని పెట్టుకుని ఒక్క గీత పడకుండా నీళ్లలోకి చేరుస్తుందని చెప్పండి. నాకైతే ఏ తోరణం మీది మకరం కన్నా ఇదే పెద్ద వింత! పుట్టేది ఆడో మగో తేల్చేది గూడులోని వేడి అని కూడా చెప్పండి.

ఇంటికొచ్చాక రెండు బొమ్మలూ గీయించండి, మకరం ఒకటి, నోట్లో పిల్లలున్న మొసలి ఒకటి.