మిగుల్చుకునేది కుళాయిల దగ్గర, గోడలో కాదు

కోనసీమలోనో, నర్సాపురం వైపో ఇల్లు కడుతుంటే ఫిట్టింగుల్లో ఖర్చు తగ్గించే దారి ఇది. గోడలో పూడిపోయే పైపులు, డైవర్టర్ బాడీ (నీళ్లని కుళాయికో షవర్‌కో మళ్లించే భాగం), కన్సీల్డ్ వాల్వులు మాత్రం మంచివే కొనండి. అవి కారితే టైల్స్ పగలగొట్టాలి. బయటికి కనిపించే కుళాయి, షవర్ మామూలు మోడల్ చాలు, ఎప్పుడైనా విప్పి మార్చుకోవచ్చు. కాకపోతే ఇత్తడిదే తీసుకోండి. చేతిలో తేలిగ్గా అనిపించే జింకు కుళాయిని ఉప్పు బోరు నీళ్లు తినేస్తాయి. విప్పబోతే మర దగ్గర పుటుక్కున విరిగి, ఆ ముక్క గోడలోనే ఉండిపోతుంది.

తలుపు బందులు, గడియలు 304 గ్రేడు స్టీలువి అడగండి. 202 రకమూ కొత్తలో అలాగే మెరుస్తుంది గానీ ఉప్పుగాలికి తుప్పు మరకలు పడతాయి. కొట్లో అయస్కాంతం పెట్టి చూపిస్తారు, దాంతో ఈ రెండింటికీ తేడా తెలీదు! బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

8x5 బాత్రూంలో షవర్ మూలకి, అంటే చుట్టుకొలతలో 11 అడుగుల మేర, 7 అడుగుల ఎత్తు టైల్స్ వేసి, మిగతా 15 అడుగులకి 4 అడుగుల ఎత్తులో ఆపేస్తే, చుట్టూ 7 అడుగులు వేసేదానికన్నా సుమారు 45 చదరపు అడుగుల టైల్స్ మిగులుతాయి. తరుగుకి 10 శాతం కలిపి ఒకేసారి కొనండి, పెట్టెలన్నిటి మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా చూసుకోండి. తర్వాత తెచ్చిన పెట్టె రంగు కలవడం కష్టం.

పుట్టీ మాత్రం గోడ పూర్తిగా ఆరాకే. చెమ్మ మీద పెడితే పెచ్చులుగా ఊడుతుంది.