రోజూ పొద్దున్నే మొరాయించే పాత డెస్క్‌టాప్‌ను దారికి తెచ్చుకోవడం

మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు తొమ్మిది వేల రూపాయలు పెట్టి ఒక పాత డెస్క్‌టాప్ కొన్నాను. ఏదో ఆఫీసులో ఆరేళ్లు పనిచేసి వచ్చిన యంత్రం. మొదటి వారం చక్కగా నడిచింది. రెండో వారం నుంచి రోజూ పొద్దున ఇదే తంతు: బటన్ నొక్కగానే ఫ్యాను రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంది, మళ్లీ తనంతట తానే తిరుగుతుంది, చివరికి నీలి తెర వస్తుంది. రిపేరు షాపులో చూపిస్తే మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) పోయిందని, 4,500 రూపాయలు అవుతుందని చెప్పారు. పోయింది మదర్‌బోర్డు కాదు. దాని మీద ఉండే నలభై రూపాయల బిళ్ల బ్యాటరీ.

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. కంప్యూటర్ రిపేరు నా వృత్తి కాదు. అయినా పిల్లలకు ప్రయోగశాలలో రోజూ చెప్పే మాటే ఇక్కడా పనికొచ్చింది: ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ ఏమి జరిగిందో రాసుకోండి. రెండు భాగాలు కలిపి మార్చితే యంత్రం లేచి కూర్చున్నా, జబ్బు ఎక్కడిదో తెలియదు.

ముందు మీ యంత్రం ఎంతవరకు వచ్చి ఆగుతోందో చూడండి. లైటే వెలగడం లేదా? ఫ్యాన్లు తిరిగినా తెర నల్లగానే ఉందా? తెర మీద అక్షరాలు వచ్చి, విండోస్ దగ్గర ఆగుతోందా? ఈ మూడూ మూడు వేరు జబ్బులు. "ఆన్ కావడం లేదు" అని మూడింటికీ ఒకే పేరు పెట్టడం వల్లే అనవసరపు ఖర్చు తగులుతుంది.

లైటే వెలగకపోతే గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి. పవర్ కేబుల్ మార్చి చూడండి. క్యాబినెట్ వెనుక ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును యంత్రానికి సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా) మీద చిన్న స్విచ్ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. బాగా పాత ఎస్ఎంపీఎస్‌లకు 115, 230 అని రాసి ఉన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దగ్గర అది 230 వైపే ఉండాలి. 115 వైపు పెట్టి కరెంటు ఇస్తే ఎస్ఎంపీఎస్ కాలిపోతుంది. ఇంకో మంచి ఎస్ఎంపీఎస్ ఎవరి దగ్గరైనా దొరికితే తగిలించి చూడడం అన్నిటికన్నా తేలిక. అయితే ఆఫీసుల నుంచి వచ్చిన కొన్ని యంత్రాలకు మామూలు 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, కాబట్టి ముందు పిన్నులు లెక్కపెట్టండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే, మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. ఆ తరువాత నేను అనుమానించేది ర్యామ్‌నే, అంటే యంత్రం పనిచేస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక మెమరీనే. ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, ర్యామ్ ముక్కలు బయటికి తీయండి. బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. స్లాట్‌లోని దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి. ఒక్క ముక్క మాత్రమే పెట్టి ఆన్ చేయండి, తరువాత రెండోది పెట్టి చూడండి. రెండు వైపులా "టక్" మనేదాకా నొక్కకపోతే ర్యామ్ సరిగా కూర్చోదు. బీప్ శబ్దాలు వస్తే ఎన్ని పొడుగువో, ఎన్ని పొట్టివో రాసుకోండి. వాటి అర్థం ఒక్కో తయారీదారుకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లోనే చూడాలి.

ఆన్ అయిన కొన్ని నిమిషాలకు ఆరిపోతుంటే వేడి సంగతి చూడండి. ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మె (హీట్ సింక్) నిండా దుమ్ము పేరుకుని ఉంటుంది, ఆ రెండింటి మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండి సుద్దలా మారి ఉంటుంది.

ఇక నా యంత్రం సంగతి. పొద్దున మొరాయించేది, ఎలాగో ఒకసారి లేచిందంటే సాయంత్రం దాకా ఆగకుండా నడిచేది. నాలుగు రోజులు రాసుకున్న కాగితం చూస్తే విషయం బయటపడింది. మొదటి వారంలో మా అబ్బాయి గోడ స్విచ్ ఆపేవాడు కాదు. తరువాత నేను రాత్రి పడుకునే ముందు ఆపడం మొదలుపెట్టాను. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకు కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. అది ఆగితే గడియారాన్నీ, బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచి యంత్రాన్ని లేపే ప్రోగ్రాము) సెట్టింగులనూ కాపాడాల్సింది నేను మొదట చెప్పిన బిళ్ల బ్యాటరీయే. దాన్నే సీమోస్ బ్యాటరీ అంటారు. అది చచ్చిపోయింది కాబట్టి రోజూ రాత్రి యంత్రం అన్నీ మరిచిపోయేది. పొద్దున ర్యామ్‌ను మళ్లీ కొత్తగా పోల్చుకోవడానికే ఫ్యాను ఆగి తిరిగేది. తేదీ ఏళ్ల వెనక్కి పోయేది. దానివల్ల లేచిన తరువాత కూడా బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటూ సురక్షితం కాదని చెప్పేది.

నీలి తెరకు కారణం ఇంకొంచెం లోతుగా ఉంది. విండోస్ వేసినప్పుడు బయోస్‌లో డిస్కు విధానం (యంత్రం డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అని పెట్టి ఉంది. సెట్టింగులు పోగానే అది ఫ్యాక్టరీలో పెట్టిన రెయిడ్ అనే వేరే పద్ధతికి మారిపోయేది. అప్పుడు విండోస్‌కు తన డిస్కే కనబడదు, "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది. ఈ దశలో చాలామంది ఫార్మాట్ చేయిస్తారు. దయచేసి చేయించవద్దు. ఫోటోలు, పాఠాలు, రాసుకున్నవన్నీ లోపల భద్రంగానే ఉంటాయి. బయోస్‌లోకి వెళ్లి ఆ విధానాన్ని ఏహెచ్‌సీఐకి మార్చగానే మాకు విండోస్ ఏమీ జరగనట్టు వచ్చేది.

బ్యాటరీ మార్చడం ఐదు నిమిషాల పని. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్ 2032, మూడు వోల్టులది. ప్లగ్గు తీసి, పక్కనున్న చిన్న కొక్కేన్ని నొక్కితే అది పైకి లేస్తుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే మాది 1.9 వోల్టులు చూపింది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, బయోస్‌లో తేదీ సరిచేసి, డిస్కు విధానం చూసుకుని, సేవ్ చేసి బయటికి రండి. తరువాత ప్లగ్గు తీసి రాత్రంతా వదిలేయండి. మరునాడు పొద్దున తేదీ సరిగా ఉంటే బ్యాటరీ పని చేస్తున్నట్టే.

పాత యంత్రం కొన్న రోజే, బాగా నడుస్తున్నప్పుడే, బయోస్‌లోని ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. డిస్కు విధానం, బూట్ వరుస (ఏ డిస్కు నుంచి ముందు లేవాలన్నది), లేచే పద్ధతి పాతదైన లెగసీయా కొత్తదైన యూఈఎఫ్ఐయా అన్న మూడింటినీ ఒక కాగితం మీద రాసి, క్యాబినెట్ మూతకు లోపలివైపు అంటించండి. మా దాని మీద బ్యాటరీ మార్చిన తేదీ కూడా రాశాను.